అంకెకు ఆనవాలు: వ్యవసాయ సాఫ్ట్‌వేర్ బిల్డ్ ఫైళ్లలో సోర్స్ వెర్షన్ నమోదు
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో ఒక పరిశీలన

2023 జులై 27వ తేదీ ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వర్షపాతం నమోదైంది. తెలంగాణలో అప్పటివరకు ఒక్క రోజులో నమోదైన వర్షపాతాల్లో ఇదే అత్యధికం. అదే రోజు పొరుగున ఉన్న జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునిగింది.

ఈ 649.8 అనే అంకె ఏ జిల్లా లెక్కలో చేరాలి? ములుగు జిల్లాలో అని ఎవరైనా చెప్పగలరు. కానీ కంప్యూటర్ ప్రోగ్రాంకు ఆ విషయం దానంతట అదే తెలియదు. 2019 ఫిబ్రవరి 17కు ముందు వెంకటాపూర్ మండలం భూపాలపల్లి జిల్లాలో భాగం. అంతకు ముందు తయారైన మండలాల జాబితానే ప్రోగ్రాం ఇంకా చదువుతున్నట్లయితే, ఈ వర్షాన్ని భూపాలపల్లి ఖాతాలోనే వేస్తుంది. పాత జిల్లాలోని 20 మండలాలకు సాధారణ సగటు తీస్తే, ఈ ఒక్క కేంద్రపు వర్షమే జిల్లా సగటుకు దాదాపు 32.5 మి.మీ. కలుపుతుంది. ఆ రోజు భూపాలపల్లిలోనూ కుండపోత వర్షమే కురిసింది కాబట్టి ఆ సగటును చూసి ఎవరికీ అనుమానం రాదు. నమ్మదగినట్లు కనిపించే తప్పును పట్టుకోవడం కష్టం.

కూడికలో గాని, భాగహారంలో గాని ఇక్కడ దోషం లేదు. లెక్క ఏ మూలం నుంచి వచ్చిందనే ఆనవాలు లేకపోవడమే దోషం. నివేదిక అడుగున "ఈ ఫలితం ఫలానా వెర్షన్ కోడ్‌తో, ఫలానా తేదీ నాటి మండలాల జాబితాతో వచ్చింది" అని ఒక వరుస ఉంటే తప్పు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ వరుసను మనిషి జ్ఞాపకం మీద వదలకుండా, సాఫ్ట్‌వేర్ తయారయ్యే దశలోనే, అంటే బిల్డ్ దశలోనే, దానంతట అదే నమోదయ్యే విధంగా ఎలా ఏర్పాటు చేయవచ్చో ఈ వ్యాసంలో వివరించడమైనది.

విత్తన సంచి నేర్పే పాఠం

వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ భావన కొత్తది కాదు. విత్తన సంచికి కట్టిన ట్యాగ్ చేసే పని ఇదే. ప్రజనక విత్తనానికి బంగారు పసుపు రంగు, మూల విత్తనానికి తెలుపు, ధ్రువీకరించిన విత్తనానికి నీలం రంగు ట్యాగ్ ఉంటుంది. ట్యాగ్ మీద రకం పేరుతో పాటు లాట్ నంబరు కూడా ఉంటుంది. మొలక శాతం తగ్గినా, కల్తీ కనిపించినా ఆ లాట్ నంబరును పట్టుకుని వెనక్కి వెళ్తే అది ఏ క్షేత్రం నుంచి, ఏ విత్తన దశ నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పేరు ఒక్కటే ఎందుకు చాలదో సాంబ మసూరి చెబుతుంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204 రకాన్ని రైతులు సాంబ మసూరి అంటారు. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరి చూడటానికి, వండుకోవడానికి దాదాపు అలాగే ఉంటుంది. అయితే అందులో బాక్టీరియా ఆకు ఎండు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చారు. "మా పొలంలో సాంబ మసూరి వేశాం, ఎండు తెగులు రాలేదు" అని రైతు చెప్పినప్పుడు, అది వీటిలో ఏదో తెలియనిదే ఆ పరిశీలన నుంచి ఏ నిర్ణయానికీ రాలేము.

సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం మనం ఈ జాగ్రత్తను పాటించడం లేదు. "వర్షపాత ప్రోగ్రాంతో లెక్కించాం", "ఆర్‌లో విశ్లేషించాం" అని రాస్తే సరిపోతుందనుకుంటాం. అది రకం పేరు చెప్పి లాట్ నంబరు దాచిన సంచి వంటిది.

జిల్లాలు మారాయి, పేర్లు మిగిలాయి

ఈ అవసరం పూర్వపు వరంగల్ జిల్లా ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2011 జనగణన పట్టికలలో జనగామ జిల్లా లేదు. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు కూడా లేవు. 2014 జూన్ 2న తెలంగాణ 10 జిల్లాలతో ఏర్పడింది. 2016 అక్టోబర్ 11న జిల్లాల సంఖ్య 31కి, 2019 ఫిబ్రవరి 17న 33కి పెరిగింది.

ఈ మార్పులు జిల్లాను జిల్లాగా చీల్చినంత సరళంగా జరగలేదు. జనగామ జిల్లాలో 2016లో చేరిన గుండాల మండలం పూర్వం నల్గొండ జిల్లాది. అది తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాకు మారింది. మహబూబాబాద్ జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం జిల్లా నుంచి వచ్చాయి. 2022లో ఇనుగుర్తి, సీరోలు కొత్త మండలాలయ్యాయి. భూపాలపల్లి జిల్లాలో వరంగల్ మండలాలతో పాటు కరీంనగర్ జిల్లాకు చెందిన కాటారం, మహదేవపూర్ వంటివి, ఖమ్మం జిల్లాకు చెందిన వెంకటాపురం, వాజేడు చేరాయి. 2019లో ములుగు జిల్లా ఏర్పడినప్పుడు 20 మండలాల్లో 9 విడిపోగా భూపాలపల్లికి 11 మిగిలాయి.

'వరంగల్' అనే మాట మరింత చిక్కు తెచ్చిపెడుతుంది. 2016కు ముందు అది పెద్ద ఉమ్మడి జిల్లా పేరు. 2016 నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అనే రెండు జిల్లాలు ఉండేవి. 2021లో అర్బన్‌కు హనుమకొండ అని, రూరల్‌కు వరంగల్ అని పేర్లు మారాయి. కాబట్టి 2015 నాటి పట్టికలోని వరంగల్, 2022 నాటి పట్టికలోని వరంగల్ అక్షరాల్లో ఒకటే అయినా, నేలపై అవి రెండు వేర్వేరు ప్రాంతాలు. జిల్లా పేరు ఆధారంగా రెండు పట్టికలను కలిపే ప్రోగ్రాం ఎలాంటి హెచ్చరికా లేకుండా రెండింటినీ ఒకే వరుసలో చేరుస్తుంది.

భూపాలపల్లి జిల్లాలో 2018 వానాకాలం వరి విస్తీర్ణాన్ని 2019 వానాకాలంతో పోల్చే విద్యార్థిని ఊహించుకుందాం. తగ్గుదల కనిపిస్తుంది. దానికి కారణాలు వెదకడం మొదలుపెడితే వర్షాభావం, చెరువుల నీరు, పత్తి వైపు మొగ్గు వంటివి ఎన్నో దొరుకుతాయి. కానీ ఆ తగ్గుదలలో అధిక భాగం పొలంలో జరిగింది కాకపోవచ్చు. తొమ్మిది మండలాలు మరో జిల్లా ఖాతాకు మారడం వల్ల ఏర్పడింది కావచ్చు. ఏ జాబితాతో లెక్కించారో నమోదై ఉంటే పరిశోధన దారి తప్పదు.

'సాధారణం' కూడా స్థిరం కాదు

హద్దులే కాదు, పోలికకు ఆధారమైన ప్రమాణాలూ మారుతాయి. నైరుతి రుతుపవన కాలానికి దేశం మొత్తం మీద దీర్ఘకాలిక సగటు వర్షపాతం 1961–2010 మధ్య కాలం ఆధారంగా 880.6 మి.మీ.గా ఉండేది. 2022 ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ 1971–2020 ఆధారంగా దానిని 868.6 మి.మీ.గా సవరించింది.

ఒక ఏడాది 840 మి.మీ. వర్షం కురిసిందని ఉదాహరణగా తీసుకుందాం. పాత సగటుతో అది 95.4 శాతం, కొత్త సగటుతో 96.7 శాతం. దేశస్థాయి వర్గీకరణలో 90–95 శాతం 'సాధారణం కంటే తక్కువ', 96–104 శాతం 'సాధారణం'. పూర్ణాంకానికి సవరిస్తే మొదటిది 95 శాతంగా ఒక వర్గంలో, రెండవది 97 శాతంగా మరో వర్గంలో పడుతుంది. కురిసిన వాన ఒక్కటే, ప్రోగ్రాంలోని సూత్రమూ ఒక్కటే. మారింది ఆధార సంఖ్య మాత్రమే.

రైతుకు దగ్గరగా ఉన్న ఉదాహరణ పత్తి విత్తడం. తేలిక నేలల్లో 50–60 మి.మీ., బరువు నేలల్లో 60–75 మి.మీ. వర్షం కురిసిన తరువాతనే పత్తి విత్తుకోవాలని మన రాష్ట్రంలో సూచిస్తారు. ఈ సూచనను ప్రోగ్రాంలో పెట్టినప్పుడు అది ఒక అంకె అవుతుంది. ఒకరు 60 అని రాస్తారు. మరొకరు తేలిక నేలలను దృష్టిలో పెట్టుకుని 50కి మారుస్తారు. కోడ్‌లో మార్పు ఒక్క అంకె. కానీ జనగామ వంటి మెట్ట ప్రాంతంలో ఆ అంకె మీద ఆధారపడి విత్తే రోజు వారం ముందుకు జరగవచ్చు. తరువాత వాన ముఖం చాటేస్తే రైతు మళ్లీ విత్తన ప్యాకెట్లు కొనాలి, మళ్లీ కూలీలను పెట్టాలి. "మీరు పంపిన సందేశం చూసే విత్తాను" అని ఆ రైతు అడిగితే, ఆ రోజు ఏ అంకెతో సందేశం వెలువడిందో చెప్పగలగడం విస్తరణ వ్యవస్థ కనీస బాధ్యత. ఈనాటి కోడ్‌ను తెరచి చూపితే అది జవాబు కాదు. ఆనాటి కోడ్ ఏదో తెలియాలి.

సోర్స్ వెర్షన్, బిల్డ్: అర్థాలు

ప్రోగ్రామర్ రాసే పాఠ్యాన్ని సోర్స్ కోడ్ అంటాం. దానిని, దానికి కావలసిన ఇతర భాగాలను కలిపి కంప్యూటర్ నడపగలిగే రూపంలో కూర్చే ప్రక్రియ బిల్డ్. ఏ ఫైళ్లను, ఏ క్రమంలో, ఏ వెర్షన్ ఉపకరణాలతో కూర్చాలో చెప్పేది బిల్డ్ కాన్ఫిగరేషన్ ఫైలు. వంటకు సామాన్ల చీటీ వంటిది ఇది.

సోర్స్ కోడ్‌లో జరిగే మార్పులను వరుసగా దాచి ఉంచే వ్యవస్థలలో నేడు ఎక్కువ మంది వాడేది గిట్. లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005లో రూపొందించారు. గిట్‌లో నమోదైన ప్రతి మార్పును కమిట్ అంటారు. ప్రతి కమిట్‌కు ఫైళ్లలోని విషయం, దాని పూర్వ చరిత్ర ఆధారంగా లెక్కించిన 40 అంకెలు–అక్షరాల గుర్తు ఉంటుంది. ఫైలులో ఒక చుక్క మారినా కొత్త కమిట్‌కు వేరే గుర్తు వస్తుంది. అందువల్ల ఆ గుర్తును వేలిముద్రతో పోల్చవచ్చు. ముఖ్యమైన కమిట్‌లకు '1.4.2' వంటి సులభమైన పేరు పెట్టడాన్ని ట్యాగ్ అంటారు.

ట్యాగ్ మనుషుల సౌలభ్యానికి. కమిట్ గుర్తు నిర్ధారణకు. రెండూ కావాలి. '1.4.2' అనే పేరును పొరపాటున రెండు వేర్వేరు కమిట్‌లకు వాడే ప్రమాదం ఉంది. కమిట్ గుర్తు విషయంలో ఆచరణలో అటువంటి గందరగోళం రాదు.

బిల్డ్ ఫైలులో నమోదు చేసే విధానాలు

గిట్‌లో 'డిస్క్రైబ్' అనే ఆదేశం మూడు సంగతులను ఒక్క వరుసలో ఇస్తుంది: సమీప ట్యాగ్ పేరు, ఆ ట్యాగ్ తరువాత వచ్చిన కమిట్‌ల సంఖ్య, ప్రస్తుత కమిట్ గుర్తులోని మొదటి కొన్ని అక్షరాలు. దీనికి 'డర్టీ' అనే ఐచ్ఛికాన్ని జోడిస్తే, కమిట్ చేయని మార్పులు కంప్యూటర్‌లో ఉన్నప్పుడు వరుస చివర ఆ మాట కూడా చేరుతుంది. విస్తరణ అవసరాలకు ఈ చివరి మాట చాలా విలువైనది. "నమోదు కాని చేతి సవరణలతో ఈ ఫలితం తయారైంది" అని అది హెచ్చరిస్తుంది.

ఈ వరుసను బిల్డ్‌లోకి తీసుకురావడానికి భాషను బట్టి మార్గాలు ఉన్నాయి.

సీ, ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలకు సీమేక్ విరివిగా వాడుకలో ఉంది. దాని ప్రధాన ఫైలులో ప్రాజెక్టు వెర్షన్ రాసుకోవచ్చు. గిట్ ఇచ్చిన వరుసను ఒక నమూనా ఫైలులో నింపి, దానిని ప్రోగ్రాంలో కలిపే సౌకర్యమూ ఉంది.

పైథాన్ ప్యాకేజీలకు 'పైప్రాజెక్ట్.టామ్ల్' అనే ఫైలు ఉంటుంది. వెర్షన్‌ను చేతితో రాయకుండా, 'సెటప్‌టూల్స్ ఎస్‌సీఎం' అనే ఉపకరణం ద్వారా గిట్ ట్యాగ్ నుంచే తీసుకోమని అందులో చెప్పవచ్చు.

ఆర్ ప్యాకేజీలకు 'డిస్క్రిప్షన్' ఫైలు ఉంటుంది. గిట్‌హబ్ నుంచి 'రిమోట్స్' ప్యాకేజీ ద్వారా స్థాపించినప్పుడు, ఏ కమిట్ నుంచి వచ్చిందో ఆ గుర్తు స్థాపిత ప్రతిలోని డిస్క్రిప్షన్ ఫైలులో దానంతట అదే చేరుతుంది. విశ్లేషణకు వాడిన ఇతర ప్యాకేజీల వెర్షన్లను 'రెన్వ్' తన లాక్ ఫైలులో నమోదు చేస్తుంది.

జావా ప్రోగ్రాంలకు మేవెన్ వాడేవారు 'పామ్' ఫైలులో సోర్స్ ఎక్కడ ఉందో, ఏ ట్యాగ్ నుంచి బిల్డ్ చేశారో రాయడానికి 'ఎస్‌సీఎం' అనే ప్రత్యేక భాగం ఉంది.

విధానం ఏదైనా లక్ష్యం ఒక్కటే. ప్రోగ్రాంను నడిపిన వ్యక్తికి గుర్తున్నా లేకున్నా, అది ఇచ్చే ప్రతి పట్టిక, ప్రతి పటం, ప్రతి సలహా సందేశం కింద వెర్షన్ వరుస ముద్రితం కావాలి.

పంట నమూనాల అనుభవం: డీశాట్

వ్యవసాయ రంగంలో ఈ పద్ధతికి మంచి ఉదాహరణ డీశాట్ పంట నమూనాల సముదాయం. దీని పూర్వరంగంతో మన ప్రాంతానికి సంబంధం ఉంది. వ్యవసాయ సాంకేతికత బదిలీకి కావలసిన కనీస డేటా గురించి అంతర్జాతీయ సదస్సు 1983 మార్చిలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కేంద్రంలో జరిగింది. ఆ కృషికి కొనసాగింపుగా రూపొందిన డీశాట్ 1989లో తొలిసారి విడుదలైంది. నేడు 42కు పైగా పంటలకు అందులో నమూనాలు ఉన్నాయి. దాని నమూనాల సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో బహిరంగంగా లభిస్తుంది. ఫోర్ట్రాన్‌లో ఉన్న ఆ కోడ్‌ను సీమేక్‌తో బిల్డ్ చేస్తారు.

డీశాట్ వెర్షన్ సంఖ్యలో నాలుగు భాగాలు ఉంటాయి: ప్రధాన, ఉప, నమూనా, బిల్డ్ సంఖ్యలు. ప్రోగ్రాం నడిచినప్పుడు వెలువడే ఫలితాల ఫైలు మొదటి వరుసలోనే ఈ సంఖ్య, సోర్స్ శాఖ పేరు, నడిపిన తేదీ, సమయం ముద్రితమవుతాయి. వరి, మొక్కజొన్న వంటి పంటల రకాల గుణకాలు ఉండే ఫైళ్ల పేర్ల చివర కూడా 047, 048 వంటి అంకెలు ఉంటాయి, అవి 4.7, 4.8 వెర్షన్లను సూచిస్తాయి. ఒక వెర్షన్‌లో సరిచూసుకున్న గుణకాలను మరో వెర్షన్‌లో యథాతథంగా వాడరాదని ఆ అంకెలు గుర్తు చేస్తాయి. విద్యార్థి తన థీసిస్‌లో "డీశాట్ వాడాను" అని మాత్రమే రాసినా, ఫలితాల ఫైలును భద్రపరిస్తే అసలు వెర్షన్ తెలుసుకోవచ్చు. నమోదు చేసే పని మనిషిది కాదు, ప్రోగ్రాంది. అదే దాని బలం.

క్షేత్ర ప్రయోగంలో యాదృచ్ఛికత

ఉపకరణం వెర్షన్ నమోదు చేయకపోతే ఎలాంటి నష్టం కలుగుతుందో చూపడానికి ఆర్ చరిత్రలోని ఒక మార్పు చాలు. యాదృచ్ఛిక ఖండాల పద్ధతిలో ప్రయోగం వేసేటప్పుడు, ఏ మడికి ఏ చర్య అన్నది ఆర్‌లోని 'శాంపుల్' ప్రమేయంతో నిర్ణయిస్తాం. అదే అమరికను మళ్లీ పొందడానికి 'సెట్ సీడ్' అనే ఆదేశంతో ఒక ప్రారంభ సంఖ్య ఇస్తాం. ఆ సంఖ్య రాసి పెట్టుకుంటే చాలని అనుకుంటాం.

2019 ఏప్రిల్‌లో విడుదలైన ఆర్ 3.6.0లో 'శాంపుల్' ప్రమేయం సంఖ్యలను ఎంచుకునే పద్ధతి మారింది. పాత పద్ధతిలో కొంత అసమానత ఉండటం వల్ల దానిని సరిదిద్దారు. ఫలితంగా అదే స్క్రిప్టు, అదే ప్రారంభ సంఖ్య ఇచ్చినా 2018లో వచ్చిన అమరిక కొత్త ఆర్‌లో రాదు. పాత పద్ధతికి తిరిగి వెళ్లే ఐచ్ఛికం ఆర్‌లో ఉంది. కానీ ఆ అవసరం ఉందని తెలియాలంటే మొదటి అమరిక ఏ వెర్షన్‌తో వేశారో నమోదై ఉండాలి. లేకపోతే క్షేత్ర పుస్తకానికి, కంప్యూటర్ ఇచ్చిన అమరికకు పొంతన కుదరక, సరిగా వేసిన ప్రయోగమే అనుమానానికి గురవుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటిది, వెర్షన్‌ను చేతితో రాయడం. బిల్డ్ ఫైలులో '1.0' అని ఒకసారి రాస్తాం. కోడ్ ఎన్నిసార్లు మారినా ఆ అంకె అలాగే ఉండిపోతుంది. లేని నమోదు కంటే తప్పు నమోదు ఎక్కువ హాని చేస్తుంది.

రెండవది, పాతబడిన గుర్తు. సీమేక్‌లో గిట్ వివరాలను తెచ్చే ఆదేశాన్ని సాధారణంగా కాన్ఫిగర్ దశలో ఉంచుతారు. ఆ దశ ప్రతి బిల్డ్‌కూ మళ్లీ నడవదు. అందువల్ల కొత్త కమిట్‌తో బిల్డ్ చేసినా పాత కమిట్ గుర్తే ముద్రితం కావచ్చు. ప్రతి బిల్డ్‌లోనూ నడిచే ప్రత్యేక లక్ష్యంగా ఆ పనిని అమర్చడం దీనికి పరిష్కారం.

మూడవది, పెన్‌డ్రైవ్ ప్రతి. కార్యాలయాల మధ్య ప్రోగ్రాం తరచుగా జిప్ ఫైలుగానో, పెన్‌డ్రైవ్‌లోనో ప్రయాణిస్తుంది. గిట్‌హబ్ నుంచి దింపుకున్న జిప్‌లో గిట్ చరిత్ర ఉండదు. కాబట్టి అక్కడ బిల్డ్ చేస్తే వెర్షన్ వివరం దొరకదు. ఎగుమతి సమయంలోనే కమిట్ గుర్తు ఒక ఫైలులో నిండేటట్లు గిట్‌లో ముందుగా ఏర్పాటు చేయవచ్చు. ఏ వివరమూ దొరకనప్పుడు ఖాళీగా వదలక 'వెర్షన్ తెలియదు' అని ముద్రించడం నిజాయితీ.

నాల్గవది, డేటాను మరచిపోవడం. కోడ్ వెర్షన్ సరిగా నమోదై, మండలాల జాబితా మాత్రం పాతదైతే మనం మొదట చూసిన లక్ష్మీదేవిపేట సమస్యే మళ్లీ ఎదురవుతుంది. జిల్లా–మండల జాబితా, సాధారణ వర్షపాత పట్టిక, పంట రకాల గుణకాలు, ఇవన్నీ సోర్స్‌లో భాగంగానే పరిగణించాలి.

ఐదవది, అతిగా నమోదు చేయడం. సోర్స్ చిరునామాలో పాస్‌వర్డులు, రహస్య తాళాలు ఉండరాదు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైళ్లను సోర్స్ రిపాజిటరీలో చేర్చరాదు. ఒకసారి చేరితే తరువాత తొలగించినా చరిత్రలో మిగులుతాయి. బిల్డ్ చేసిన సమయాన్ని ముద్రిస్తే ఒకే సోర్స్ నుంచి చేసిన రెండు బిల్డ్‌లు వేర్వేరుగా కనిపిస్తాయి. దానికి బదులు కమిట్ తేదీని ముద్రించడం మేలు.

ఆచరణకు ఒక నమూనా

మూడు జిల్లాల వర్షపాత విశ్లేషణకు ప్రోగ్రాం రాసే విద్యార్థి, ప్రతి నివేదిక అడుగున ఈ కింది విధమైన వివరాలు వచ్చేటట్లు చూసుకోవచ్చు:

ప్రోగ్రాం వెర్షన్: ట్యాగ్ పేరు, కమిట్ గుర్తు
సోర్స్ స్థితి: పూర్తిగా నమోదైనది లేదా నమోదు కాని మార్పులు ఉన్నవి
మండలాల జాబితా: ఏ తేదీ నాటి జిల్లా హద్దుల ప్రకారం
సాధారణ వర్షపాతం ఆధారం: 1961–2010 లేదా 1971–2020
విత్తే సూచనకు వాడిన పరిమితి: నేల రకం, మి.మీ.
ఉపకరణం: ఆర్ లేదా పైథాన్ వెర్షన్

ఈ ఆరు వరుసల్లో ఏదీ చేతితో టైపు చేయరాదు. మొదటి రెండు గిట్ నుంచి, మధ్య మూడు డేటా ఫైళ్ల శీర్షికల నుంచి, చివరిది ఉపకరణం నుంచే రావాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు ప్రోగ్రాం రాయడం రాకపోయినా చేయగలిగిన పని ఉంది. సలహా సందేశం లేదా నివేదిక అందినప్పుడు వెర్షన్ వరుస ఉందో లేదో చూడాలి, లేకపోతే అడగాలి. జిల్లా పేరుతో పాటు ఏ ఏడాది హద్దుల ప్రకారమో రాయాలి: 'భూపాలపల్లి, 2019 హద్దులు' అన్నట్లు. ఉమ్మడి వరంగల్ కాలపు గణాంకాలతో పోల్చవలసి వస్తే, జిల్లా సగటులను నేరుగా పోల్చక, మండల స్థాయి నుంచి మళ్లీ కూర్చాలి. సందేశంలోని వెర్షన్ వరుసను తొలగించి ముందుకు పంపరాదు. విద్యార్థుల థీసిస్‌లలో 'సామగ్రి–పద్ధతులు' అధ్యాయంలో విత్తన రకం, ఎరువు మోతాదు రాసినట్లే కోడ్ కమిట్ గుర్తును కూడా రాయించాలి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. వెర్షన్ నమోదు ఫలితాన్ని సరైనదిగా చేయదు. తప్పు సూత్రానికి వెర్షన్ సంఖ్య వేస్తే అది సంఖ్య ఉన్న తప్పు మాత్రమే. కానీ ఆ తప్పు ఎప్పుడు ప్రవేశించింది, ఏయే సందేశాల్లోకి వెళ్లింది, ఎవరికి సవరణ పంపాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఆ జవాబు లేకుంటే ఒక్క తప్పు బయటపడినప్పుడు, వెలువడిన సందేశాలన్నింటినీ అనుమానించవలసి వస్తుంది.

ముగింపు

పొలంలో జరిగినదాన్ని క్షేత్ర పుస్తకంలో రాయని ప్రయోగాన్ని మనం అంగీకరించం. కంప్యూటర్‌లో జరిగిన లెక్కకూ అదే నియమం వర్తించాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల హద్దులు కొద్ది సంవత్సరాల్లోనే మారాయి, వర్షపాతపు ఆధార సగటు మారింది, ఉపకరణాలు మారాయి. రేపు మరికొన్ని మారుతాయి. మార్పును ఆపలేము, ప్రతి అంకెతో పాటు దాని మూలం కూడా ప్రయాణించేటట్లు చూడగలము. దానికి కావలసింది బిల్డ్ ఫైలులో కొన్ని వరుసలు, ఒకసారి చేసే కొద్దిపాటి శ్రమ. తరువాత రైతు వచ్చి "ఈ అంకె ఎక్కడిది?" అని అడిగిన రోజున, వెతుక్కోకుండా చూపగల జవాబు మన చేతిలో ఉంటుంది.